ఐదు నక్షత్రాల పొయ్యి

ప్యారిస్ నగరంలో మా ఆయన మొట్టమొదట వెతికింది పొయ్యిని. ఈఫిల్ టవర్‌ని కాదు, నదిని కాదు, పొయ్యిని. అదీ నల్గొండలో మా ముందుగదిలో, లుంగీ కట్టుకుని, దివాన్ మీద బాసింపట్టు వేసుకుని, ఫోన్‌ను ముక్కుకు ఆనించుకుని వెతికాడు. "దొరికిందే, దొరికింది!" అని అరిస్తే, ఏ రాజభవనమో దొరికిందేమోనని వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చాను. తెర మీద పట్టు పరదాలున్నాయి, పెద్ద జూమర్ లైటుంది, కిటికీ అవతల ప్యారిస్ మొత్తం ఉంది. ఆయన వేలు మాత్రం గది మూలనున్న చిన్న వంటగట్టు మీద ఉంది.

"సూడు, రూములనే కిచెన్. ఇగ నీకు ఫికరే లేదు," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఎందుకు మండిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

నేను సర్కారు బడిలో సోషల్ టీచర్‌గా రిటైరయ్యాను. ఉద్యోగమంతా నల్గొండ చుట్టుపక్కల పల్లెల్లోనే గడిచింది. ఐరోపా పటాన్ని గోడకు తగిలించి, బెత్తం కొనతో డాన్యూబ్ నదిని ఎన్నిసార్లు పుట్టించానో, ఎన్నిసార్లు నల్ల సముద్రంలో కలిపానో చెప్పలేను. బుడా ఒక ఒడ్డున, పెస్ట్ ఇంకో ఒడ్డున, నడుమ నది అని చెప్తుంటే వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు "మీరు సూసిన్రా టీచర్?" అని అడిగేవాళ్ళు. ప్రతి ఏడాదీ అడిగేవాళ్ళు. నామోషీగా ఉండేది. పటం చుట్టేసి, గంట కొట్టేదాకా నోట్సు రాయించేదాన్ని.

రిటైర్మెంట్ సభలో మైకు చేతికిచ్చి, ఇక మీ కోరిక ఏమిటి మేడమ్ అని అడిగారు. మనవలతో ఆడుకుంటాను, గుళ్ళూ గోపురాలూ తిరుగుతాను అని చెప్పాల్సిన చోట నేను "డాన్యూబ్ నది చూడాలని ఉంది" అన్నాను. సభ కాసేపు బిత్తరపోయింది. ముందు వరసలో మా బావగారున్నారు, అంటే మా ఆయన అన్న. రాష్ట్రం వచ్చి, కొత్త జిల్లాలు పడ్డాక మహబూబ్‌నగర్ చుట్టూ ప్లాట్లు చేసి బాగా పైకొచ్చిన మనిషి. మైకు కనిపిస్తే ఆయన ఆగలేరు. వేదిక ఎక్కి, "మా మరదలి కోరిక నేను తీరుస్త. మేం నలుగురం యూరప్ పోతున్నం. ఫైవ్ స్టార్ హోటళ్ళల్ల ఉంటం," అని ప్రకటించారు. చప్పట్లు మోగాయి. చప్పట్లు మోగిన మాటను మా బావగారు వెనక్కి తీసుకున్న చరిత్ర లేదు.

ఇంటికొస్తూ దారిలోనే మా ఆయనకు విడమరిచి చెప్పాను. "ఒక్క ముచ్చట వినుండ్రి. తిరిగినన్ని దినాలు నేను పొయ్యి మొఖం సూడ. ఎవరన్న వండి పెడితె కూసొని తింట, ఊరు సూస్త. నాకు గదొక్కటి చాలు."

"ఔ మల్ల, నీకోసమే గద పోయేది," అన్నాడు. అలా అన్న మనిషే తర్వాతి ఆదివారం పొయ్యి వెతికాడు.

నా ఈ పట్టుదల ఆలంపూర్‌లో పుట్టింది. కొన్నేళ్ళ కిందట బావగారు కొత్త కారు కొన్నప్పుడు జోగులాంబ దర్శనానికి పోయాం. నవబ్రహ్మ ఆలయాల గురించి, చాళుక్యుల గురించి పుస్తకంలో ఉన్న ప్రతి ముక్కా పిల్లలకు చెప్పినదాన్ని. ఆ గోడల మీది శిల్పాల్ని తాకి చూడాలని సంబరంగా బయల్దేరాను. దిగంగానే బావగారు సత్రంలో గది తీసుకున్నారు. మా ఇంట్లో సత్రం ఎంచుకునే పద్ధతి ఒకటుంది. పొయ్యి పెట్టుకునే జాగా ఉందా, నల్లా దగ్గరగా ఉందా, బట్టలారేసుకునే దండెం ఉందా. అన్నీ ఉన్నాయి. కారు డిక్కీలోంచి గ్యాసు పొయ్యి, బియ్యం, పప్పు, గిన్నెలు దిగాయి. మగవాళ్ళు నదిలో మునిగి, గుళ్ళు తిరిగి వచ్చేసరికి నేను, మా తోటికోడలు గోడకు మొహం పెట్టి పులిహోర కలుపుతున్నాం.

"గుడి ఎట్లున్నది?" అని అడిగాను, చేతులు గిన్నెలోంచి తీయకుండానే.

"మస్తుంది," అన్నాడు మా ఆయన.

"శిల్పాలు?"

"మస్తున్నయి."

"ఎన్ని గుళ్ళు సూసిన్రు?"

"చానున్నయి తియ్యి. ఆకలైతాంది."

వాళ్ళు తిన్నారు, పడుకున్నారు. మేం తిన్నాం, గిన్నెలు తోమాం. అమ్మవారికి ఒక దండం పెట్టుకుని వచ్చేసరికి బావగారు హారన్ కొడుతున్నారు. తొమ్మిది గుళ్ళ పాఠం చెప్పిన నేను ఆలంపూర్‌లో దగ్గర నుంచి చూసింది ఒక్కటే, మసిబారిన సత్రం గోడ. ఆ తర్వాత ఆ పాఠం చెప్పేటప్పుడల్లా నాకు పులిహోర వాసన వచ్చేది.

ఇంతకీ హోటళ్ళ ఎంపిక సంగతి. అది మహబూబ్‌నగర్‌లో బావగారింట్లో, గోడంత టీవీ ముందు జరిగింది. హైదరాబాద్ ట్రావెల్ ఆఫీసు అమ్మాయి ఒకామె వీడియోలో కనిపిస్తూ హోటళ్ళ ఫొటోలు ఒక్కొక్కటీ టీవీలో చూపించేది. బావగారు సోఫా నడుమ, మా ఆయన పక్కన. మా తోటికోడలు నారాయణపేట ఆడపడుచు, నేను అక్కా అని పిలుస్తాను. ఆమె, నేను చాయలు అందిస్తూ నిలబడి చూశాం. మా కోసమే యాత్ర కాబట్టి మమ్మల్ని పిలిచారు.

పిల్ల చూపులకు కూడా మా ఇంట్లో ఇన్ని వంకలు పెట్టలేదు. ఒక హోటల్ పేరు బావగారి నోరు తిరగలేదు. "పేరే పలకరాకపోతె చుట్టాలకు ఏం జెప్పాలె?" అని తీసేయించారు. ఇంకోదాని గుమ్మం చిన్నదన్నారు, మా ఊరి ఫంక్షన్ హాలు గుమ్మమే నయమన్నారు. మా ఆయన ఉద్యోగమంతా మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో చేసిన మనిషి, ఆయన గోడలు తప్ప ఏమీ చూడడు. ప్యారిస్‌లో రాతి గోడలు అలాగే కనబడేలా ఉంచిన ఒక పాత హోటల్‌ని చూసి, "గిదేందమ్మా, ప్లాస్టరింగే జెయ్యలే. పైసలు ఒడిసిపోయినయా?" అని ఆ అమ్మాయిని అడిగాడు. అది డిజైన్ సార్ అందామె. "సున్నపురాయి. మా దగ్గర గుట్టలు గుట్టలుంది," అని పెదవి విరిచాడు. తర్వాత ఫోన్‌లో దిక్సూచి తీసి, వెనిస్‌లో మంచం తలాపు ఏ దిక్కున ఉందో కనుక్కోమన్నాడు. ఆమె ఓపిక గొప్పది. కనుక్కుని చెప్పింది.

బుడాపెస్ట్ దగ్గర మాత్రం ఒక ముచ్చట జరిగింది. "సార్, ఇది పాతకాలం దొరల కోట. ఇప్పుడు హోటల్ చేశారు," అందామె. బావగారి మొహం మారిపోయింది.

"అంటె గడీనా? మా తాత గడీ ముంగటికెళ్ళి పోవాలంటె చెప్పులు చేతుల పట్టుకొని పోయిండు. నేను పైసలిచ్చి మల్ల గడీల పండాల్నా?"

నాకూ మనసు కలుక్కుమంది. మా బావగారిని నేను వెక్కిరించని సందర్భాలు తక్కువ, అందులో అదొకటి. ఆ అమ్మాయికి ఏం అర్థమైందో గానీ, మెల్లగా, "ఈ సూట్‌లో ఒకప్పుడు రాజుగారు పడుకునేవారట సార్," అంది.

బావగారు కాసేపు గడ్డం రుద్దుకున్నారు. "గదే రూమా? ఇప్పుడు అండ్ల ఎవరు పండుతరు?"

"మీరే సార్."

"అయితె చెయ్యమ్మా బుక్కు. దునియా తిరగబడ్డదని తాతకు ఎరుక గావాలె."

"కిచెన్ ఉన్నదా?" అన్నాడు మా ఆయన. నేను అప్పటిదాకా బిగబట్టుకున్నది ఇక ఆగలేదు.

"కిచెన్ ఎందుకు? హోటల్ల వండేటోళ్ళు ఉంటరు గద!"

ఆ అమ్మాయి కూడా నా వైపే వచ్చింది. పొద్దున టిఫిన్ హోటల్ వాళ్ళే పెడతారనీ, కిచెన్ ఉన్న సూట్లకు చాలా ఎక్కువవుతుందనీ, మామూలు గదుల్లో కరెంటు కుక్కర్ పెడితే అలారం మోగి ఫైరింజన్ వస్తుందనీ చెప్పింది. అంతా విని బావగారు చేయి ఊపారు. "ఎక్కువైతె కానియ్. ఆడోళ్ళకు ఇబ్బంది గావద్దు."

ఆడవాళ్ళకు ఇబ్బంది కాకూడదట! రాజుగారి గది కిరాయికి తీసుకుని, దాని మీద ఇంకింత పోసి, మాకు పొయ్యి కొనిస్తున్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"హోటలోళ్ళ చేతి బువ్వ మనకు పడదు గదమ్మా," అన్నారు బావగారు బుజ్జగిస్తున్నట్టు.

"మీకు పడకపోతె మీరు వండుకోండ్రి బావా," అన్నాను.

మా ఆయన పగలబడి నవ్వాడు, బావగారు నవ్వారు, వీడియోలో ఆ అమ్మాయి కూడా నవ్వింది. నేను జోకు వేశానని అందరూ అనుకున్నారు. నవ్వని మనిషి అక్క ఒక్కతే.

అంతలో టీవీ నిండా రాజుగారి సూట్‌లోని వంటగట్టు ఫొటో వచ్చింది. దగ్గరికి పోయి చూశాను. బర్నర్లు లేవు, మంట లేదు. నున్నటి నల్లటి అద్దం పలక. ప్యారిస్‌ది చూపించమన్నాను, అదీ నల్లద్దమే. వెనిస్‌దీ అదే. హైదరాబాద్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నది ఇలాంటి పొయ్యే. దాని మీద ఇనుము, దానికి తగిన స్టీలు అయితేనే వేడెక్కుతాయి. సిల్వర్ గిన్నె పెడితే, అదే మన అల్యూమినియం గిన్నె, కుయ్ కుయ్‌మని అరిచి ఊరుకుంటుంది. మా ఆయన ఆ ఇంటికి నాతో సమానంగా పోయాడు, నాతో సమానంగా తిన్నాడు. ఆ పొయ్యి మీద ఏది పనిచేస్తుందో ఆయనకు తెలియదు. పొయ్యి ముట్టించి ఉంటే కదా!

"బాగున్నదా?" అన్నాడు.

"మస్తుంది," అన్నాను.

"గిన్నెలు మాత్రం మనయే తీస్కపోవాలె," అన్నారు బావగారు. "ఆళ్ళ గిన్నెలల్ల ఏమేం ఉడకబెట్టిన్రో. వాటిని ముట్టేది లేదు."

ఆ మాట ఆయన నోటి నుంచే వచ్చింది. నేను కల్పించింది కాదు.

సామాను సర్దేరోజు అక్క మంచి అడుగు మందం ఉన్న స్టీలు గిన్నెలు బయట పెట్టింది. నేను వాటిని మళ్ళీ అటక మీదికి ఎక్కించి, సొట్టలు పడిన సిల్వర్ గిన్నెలు దింపాను. బరువు తక్కువ అని మగవాళ్ళు మెచ్చుకున్నారు. వాళ్ళు అటు పోయాక అక్క చెవిలో అసలు సంగతి చెప్పాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది, నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది.

"మరి ఆళ్ళు ఉపాసముంటరేమోనే?"

"ఉండరక్కా. ఫైవ్ స్టార్ల ఎవరు ఉపాసముంటరు?"

ప్యారిస్‌లో దిగిన సాయంత్రం మా ఆయన స్నానం చేసి, బనియన్ వేసుకుని, సోఫాలో కాళ్ళు చాపి, "జర బువ్వ, పచ్చిపులుసు చాలు. ఎక్కువ పెట్టుకోకుండ్రి," అని దయతలిచాడు. నేను బియ్యం కడిగి గిన్నె పెట్టాను. పొయ్యి కుయ్‌మంది. గిన్నె తీశాను, పెట్టాను. కుయ్ కుయ్. మా ఆయన వచ్చి చేత్తో చరిచాడు. బావగారు వచ్చి ఉన్న మీటలన్నీ నొక్కారు. కింద నుంచి నల్లకోటు వేసుకున్న ఒకాయన వచ్చి, మా సొట్ట గిన్నెను రెండు చేతులా అందుకుని, అటూ ఇటూ తిప్పి, ఇది పనిచేయదు, మన్నించండి, అల్మారాలో మా గిన్నెలున్నాయి వాడుకోండి అన్నాడు. అన్నదమ్ములిద్దరూ ఒక్క గొంతుతో "నో, నో!" అన్నారు. అక్కా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నేల చూస్తూ నిలబడ్డాం.

అలా మేం కిందికి, హోటల్ భోజనశాలకి దిగాం. ఒక మనిషి వచ్చి అక్క కోసం కుర్చీ వెనక్కి జరిపాడు. తన కుర్చీ తీసేస్తున్నాడనుకుని ఆమె నిలబడిపోయింది. కూర్చోమని నేను చెప్తే కూర్చుని, నారాయణపేట చీర కొంగు సర్దుకుంది. వేడి సూపు వచ్చింది, వెన్నలో వేయించిన ఆలుగడ్డలొచ్చాయి.

"ఇవన్ని ఆళ్ళే తోముతరా?" అంది, పింగాణీ పళ్ళేల వైపు చూపించి.

"ఆళ్ళే తోముతరక్కా."

"అయితె నాకు ఇంకింత పెట్టమను."

మగవాళ్ళు సంచిలోంచి మామిడికాయ తొక్కు తీసి బ్రెడ్డుకు పూసుకుని, ముఖాలు మాడ్చుకుని తిన్నారు. వెనిస్‌లోనూ అదే తంతు. పిజ్జా వస్తే, "రొట్టె మీద టమాట తొక్కేసి ఇచ్చిన్రు, గింతే గద," అన్నాడు మా ఆయన. అయినా పళ్ళెం ఖాళీ చేశాడు. నేనూ అక్కా పొద్దున్నే టిఫిన్ తిని సందులన్నీ తిరిగాం. వంతెన మీద నిలబడి పడవల్ని చూస్తూ ఐస్‌క్రీం తిన్నాం. ఎవరికి ఏం వండాలనే ఆలోచన లేకుండా నేను ఒక పగలంతా గడపడం అదే మొదలు. పెళ్ళికి ముందు కూడా అలాంటి రోజు ఉన్నట్టు గుర్తు లేదు.

బుడాపెస్ట్‌లో రాజుగారి గది తలుపు తీయంగానే ఎదురుగా నిలువెత్తు కిటికీ, దాని నిండా డాన్యూబ్. పటంలో నీలం గీతలా ఉండే నది బూడిదరంగులో, వెడల్పుగా, తొందర లేకుండా పోతోంది. ఈ ఒడ్డు పెస్ట్, ఆ ఒడ్డు గుట్ట మీద బుడా. చెప్పిన పాఠం చెప్పినట్టు ఉంది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు, ఏడ్చాను. అక్క నా భుజం మీద చెయ్యేసి నిలబడింది.

ఆ సాయంత్రం అన్నదమ్ములిద్దరూ కనబడలేదు. వస్తూ వస్తూ పెద్ద అట్టపెట్టె తెచ్చారు. మా ఆయన కౌంటర్‌లో ఆరా తీశాడట, ఏ గిన్నె అయితే పనిచేస్తుందో కనుక్కున్నాడట, బజారంతా తిరిగి కొన్నాడట. కొత్తది, ఎవరూ ఏమీ ఉడకబెట్టనిది, తళతళలాడే స్టీలు గిన్నె. పెళ్ళిరోజుకు కూడా నాకు ఏనాడూ బజారు తిరిగి ఏదీ తేని మనిషి, దాన్ని రెండు చేతులతో నా ముందు పెట్టాడు.

"ఇగో, నీ కష్టం తీరింది," అన్నాడు.

నేను కిటికీ దగ్గరి కుర్చీలోంచి లేవలేదు. పక్క కుర్చీలో అక్క కాళ్ళు పైకి పెట్టుకుని ఉంది, ఆమె కూడా దించలేదు.

"బియ్యం ఆ సంచిల ఉన్నయి," అన్నాను. "కడుగుండ్రి. ఎసరు ఎంతనో నేను ఈడికెళ్ళి చెప్త."

మా ఆయన నవ్వబోయి నా మొహం చూసి ఆగాడు. ఈసారి జోకు కాదని అర్థమైంది. వదినె వైపు చూశాడు. అక్క నది వైపు చూసింది. బావగారు ఒకసారి దగ్గి, గొంతు సవరించుకుని, చొక్కా చేతులు పైకి మడిచారు.

"ఉల్లిగడ్డలు ఏడున్నయమ్మా?" అన్నారు.

రాజుగారు పడుకున్న గదిలో మా బావగారు ఉల్లిగడ్డలు కోశారు. కళ్ళలో నీళ్ళు కారుతుంటే మోచేత్తో తుడుచుకున్నారు. మా ఆయన బియ్యం కడిగి, నేను చెప్పినన్ని నీళ్ళు పోసి, పొయ్యి మీద పెట్టాడు. పొయ్యి ఈసారి అరవలేదు. ఆ వంటగట్టు గోడ వైపు ఉంది. దాని ముందు నిలబడ్డవాళ్ళకు గోడ తప్ప ఏమీ కనబడదు, వీపు వెనకాల నది.

చీకటి పడుతుంటే వంతెన మీద దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. "అవ్వో!" అంది అక్క, చిన్నపిల్లలా కుర్చీలో ముందుకు జరిగి.

మా ఆయన గంటె పట్టుకుని, గిన్నె మీది నుంచి చూపు తీయకుండా అడిగాడు.

"నది ఎట్లున్నదే?"

రండి, వచ్చి చూడండి అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ వెంటే ఆలంపూర్ సత్రం గోడ గుర్తొచ్చింది.

"మస్తుంది," అన్నాను.

"బ్రిడ్జి?"

"మస్తుంది. మీరు గంజి పొంగకుంట సూడుండ్రి."